ఆది లేని పాట

పియానోకి కొలతలు తీసుకున్న దర్జీ తెనాలిలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. టేపు మెడలో వేసుకుని, బాపట్లలో ఒక రిటైర్డు టీచర్ గారి ముందుగదిలో మోకాళ్ళ మీద కూర్చుని, పొడవెంత, ఎత్తెంత, మూత తెరిస్తే ఎంత ముందుకొస్తుంది అని రాసుకుంటున్నాను. సూర్యలంక వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి లోపలి తీగలు తుప్పు పడుతున్నాయట. మందపాటి గుడ్డకి మెత్తటి లైనింగ్ వేసి దానికొక తొడుగు కుట్టాలి. ఆవిడ కుర్చీలో కూర్చుని నవ్వు ఆపుకుంటూ చూస్తున్నారు. "చంక దగ్గర కాస్త వదులు పెట్టమంటారా అండి?" అని అడిగాను. ఇక ఆవిడకి నవ్వు ఆగలేదు.

కొలతలు అయ్యాక చేతులు ఊరుకోలేదు. "ఒకసారి నొక్కి చూడొచ్చాండి?" అని అడిగి, ఎడమవైపు మొదటి మెట్టు నుంచి కుడివైపుకి ఒక్కొక్కటీ నొక్కుకుంటూ పోయాను. కిందివి గుండెలో మోగాయి. మధ్యవి బాగున్నాయి. పైకి వెళ్ళేకొద్దీ మోత సన్నబడి, చివరి మెట్ల దగ్గర చెక్క టకటకమన్న చప్పుడే మిగిలింది.

"పై మెట్లు పోయినట్టున్నాయండి, ఉప్పుగాలికి," అన్నాను.

ఆవిడ నా వైపు అదోలా చూశారు. "పోలేదే. బాగానే మోగుతున్నాయిగా," అన్నారు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు పాపం పియానో మీద తోసేశాను గానీ, పోయినవి మెట్లు కావని నాకు తెలుసు. టేపు చుట్టుకుని, గుడ్డ ఏ రంగైతే బాగుంటుందో మాట్లాడి బయటపడ్డాను.

నేను పగలు దర్జీని. సాయంత్రాలు, ముప్ఫై ఏళ్ళ పాటు, హార్మోనిస్టుని. తెనాలి చుట్టుపక్కల పద్య నాటకం అంటే నన్ను పిలిచేవారు. రాముడైనా కృష్ణుడైనా సాయిబు శ్రుతి ఇస్తే గానీ నోరు తెరవడు అని మావాళ్ళు మేలమాడేవారు. సంగీతం నాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. విన్నాను, వేళ్ళు వాటంతటవే వెళ్ళాయి. ఒకసారి విన్న పద్యాన్ని రెండోసారి పాడమని ఏ నటుణ్ణీ అడిగి ఎరగను. ఆ పొగరు నాకు దండిగా ఉండేది, దాచుకోవడమెందుకు.

అది రేపల్లెలో దిగింది. రాజు వేషం కట్టినతను పద్యం అందుకుని పైస్థాయికి వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. పై మెట్టు మీద వేలు పెట్టి కళ్ళు మూసుకుని ఆనందంగా ఊగుతున్నాను. కళ్ళు తెరిచేసరికి రాజుగారు నన్ను కత్తి దూసేవాడిలా చూస్తున్నారు. నేను పక్క మెట్టు నొక్కి పట్టుకున్నాను. అది నాకు వినబడనే లేదు. నాటకం అయ్యాక ఆయన కోప్పడలేదు కూడా. కిరీటం తీసి చంకలో పెట్టుకుని, "ఏంటి మాస్టారూ, ఇవాళ నన్ను పాడనివ్వదల్చుకోలేదా?" అన్నాడు. తిడితే బాగుండేది.

చెవి డాక్టరు గారు గదిలో కూర్చోబెట్టి ఏవేవో చప్పుళ్ళు వినిపించి, కాగితం మీద ఒక గీత గీసి చూపించారు. మెట్లు దిగుతున్నట్టుంది. "మెషిను పెట్టుకుంటే మాటలకి ఇబ్బంది ఉండదండి," అన్నారు. "సంగీతం సంగతి మాత్రం చెప్పలేను. పై స్వరాలు ముందు పోయాయి. మిగతావి మెల్లగా తగ్గుతాయి. ఎన్నాళ్ళకి అంటే నా దగ్గర జవాబు లేదు." రెండు చెవులకీ మెషిన్లు పెట్టుకుని ఇంటికొచ్చాను. నాటకాల వాళ్ళకి నడుం నొప్పి అని చెప్పి, హార్మోనియం పెట్టెకి మూత వేశాను. నాకున్న భయం ఒక్కటే. చెవుల్లోంచి వచ్చిన పాట చెవులతోనే పోతుంది. పద్యం అంటే ఏంటో తెలిసిన మనిషిని, నిశ్శబ్దంలో కూర్చుని జాకెట్లు కుట్టుకుంటూ ముసలివాణ్ణవుతాను.

తొడుగు ఇవ్వడానికి మళ్ళీ బాపట్ల వెళ్ళినప్పుడు తలుపు తీసే ఉంది. టీచర్ గారు భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఏదో పుస్తకం చదువుతున్నారు. పియానో మూత వేసి ఉంది. ఆవిడ తల కొంచెం కొంచెం ఊగుతోంది. ఒకచోట ఆగి నవ్వుకున్నారు, వెనక పేజీకి వెళ్ళి మళ్ళీ చదివారు.

"ఏం చదువుతున్నారండి?" అన్నాను.

"చదవట్లేదు మాస్టారూ, వింటున్నాను," అని పుస్తకం ఇటు తిప్పారు. అయిదేసి గీతలు, వాటి మీద చుక్కలు. అక్షరం ముక్క లేదు.

చెవులతో పని లేకుండా ఒక మనిషి పాట వినడం నేను చూడటం అదే మొదలు. తొడుగు చేతిలో పట్టుకునే, "నాకు నేర్పుతారా అండి?" అని అడిగేశాను. యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఇదేం పిచ్చి అనుకుంటారేమోనని వయసు కూడా నేనే చెప్పాను. "నాకన్నా పదహారేళ్ళు చిన్నవాళ్ళు. శుక్రవారం రండి," అన్నారావిడ. చెవుల సంగతి మాత్రం చెప్పలేదు. చెప్తే వద్దంటారని భయం. మెషిన్లు కనబడకుండా టోపీ చెవుల మీదికి లాక్కున్నాను.

ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ. కానీ సామెత వేయాల్సి వస్తే మా ఆవిడ తెలుగులోకి దిగుతుంది. సంగతి చెప్పగానే, "ముసలోడికి దసరా పండగ," అంది. ఆ వెంటనే, "వాయిద్యం నేర్చుకునేది చెవులు బాగున్నప్పుడు కదండీ?" అని అడిగింది.

"చెవులు బాగోలేకే నేర్చుకుంటున్నా," అన్నాను.

శుక్రవారం మా కొట్టుకి సెలవు. నేను నమాజు నుంచి వచ్చేసరికి మా ఆవిడ సంచిలో టిఫిన్ డబ్బా, దాని పక్కన మెషినుకి కొత్త బ్యాటరీలు పెట్టి ఉంచింది.

మొదటి పాఠంలోనే నా ఒళ్ళు నాకు ఎదురు తిరిగింది. హార్మోనియానికి కుడి చెయ్యి వాయిస్తుంది, ఎడం చెయ్యి వెనక తిత్తి ఊదుతుంది. పియానో ముందు కూర్చుని కుడి చేత్తో నాలుగు మెట్లు నొక్కానో లేదో, ఎడం చెయ్యి లేచి గాల్లో ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెట్టింది. "ఎవరికి విసురుతున్నారు మాస్టారూ?" అన్నారు టీచర్ గారు. సిగ్గుపడి చేతిని ఒళ్ళో పెట్టుకుంటే ఈసారి కాలు అందుకుంది. కింద పెడల్ కనబడింది కదా, కుట్టుమిషనే అనుకుంది కాబోలు, ఆపకుండా తొక్కుతోంది. అది తొక్కితే మోగిన స్వరం ఆగదట, స్వరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి గదంతా గోల. "మాస్టారూ, మీరు కుడుతున్నది నాకు వినబడుతోంది," అన్నారావిడ. మూడు శుక్రవారాలు నా ఎడం చేతినీ కుడి కాలినీ కట్టడి చేయడానికే సరిపోయాయి.

తర్వాత కాగితం. పైన అయిదు గీతలు, కింద అయిదు గీతలు. పైవి కుడి చేతికి, కిందివి ఎడం చేతికి. చుక్క ఎంత పైన ఉంటే స్వరం అంత పైన. ఇంతవరకు బానే ఉంది. కింది గీతల మొదట్లో ఒక గుర్తు ఉంటుంది, అచ్చం చెవిలాగా వంపు తిరిగి పక్కన రెండు చుక్కలతో. మెషిను పెట్టుకున్న చెవి అది, నా కోసమే వేసినట్టుంది. నిజంగానే నాకు బాగా వినబడేవి ఆ కింది స్వరాలే. కాకపోతే అవన్నీ పుట్టి బుద్ధెరిగి ఒక్క స్వరం వాయించని ఎడం చేతికి వచ్చి పడ్డాయి. పని తెలిసిన కుడి చేతికేమో వినబడని స్వరాలు. ఎవరు పంచారో గానీ వాటాలు బాగా పంచారు.

ఒక వరస చివర రెండు నిలువు గీతలు, చుక్కలు ఉన్నాయి. అదేంటని అడిగితే, "ఇక్కడికి రాగానే వెనక్కి వెళ్ళి మళ్ళీ వాయించాలి," అన్నారు. నాటకంలో జనం వన్స్ మోర్ కొడితే పద్యం మళ్ళీ పాడతారు, అది మా ఆనవాయితీ. "ఎవరూ అడక్కుండానే మళ్ళీనా అండి?" అన్నాను. ఈ సంగీతం రాసినాయనకి తన మీద తనకి చాలా నమ్మకం అనుకున్నాను.

ఇక నా దొంగతనం చెప్పాలి. చుక్కలు లెక్కపెట్టుకుంటూ చదవడం మహా విసుగు. అందుకని పాఠం మొదట్లోనే, "ఒక్కసారి మీరు వాయించండమ్మా, వింటాను," అనేవాణ్ణి. చిన్న చిన్న పాటలు, పైకి పెద్దగా వెళ్ళనివి. ఆవిడ వాయించగానే నాకు పట్టుబడిపోయేది. ఆ తర్వాత కాగితం వైపు దీక్షగా చూస్తూ, మధ్యమధ్యలో కావాలనే తడబడుతూ, గడగడా వాయించేసేవాణ్ణి. "భలే చదువుతున్నారే," అనేవారు ఆవిడ. నేను తల వంచుకుని వినయంగా ఉండేవాణ్ణి.

ఆరో వారమో ఏడో వారమో, అలాగే వాయించి ముగించాను. ఆవిడ చప్పట్లు కొట్టారు. "నాకింత సంగీతం వచ్చు గానీ, పుస్తకం తలకిందులుగా పెడితే చదవడం మాత్రం రాదు మాస్టారూ. మీకు ఎలా వచ్చింది?" అన్నారు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని చూశాను. నిజమే, పుస్తకం తలకిందులుగా ఉంది.

మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మెల్లగా టోపీ పైకి జరిపి, చెవుల్లో మెషిన్లు చూపించాను. రేపల్లె సంగతి, డాక్టరు గారి కాగితం సంగతి, అన్నీ చెప్పాను.

"మీరు నా పియానో పై మెట్లు పోయాయన్నారు చూడండి, అప్పుడే అనుకున్నాను," అన్నారావిడ. లోపలికి వెళ్ళి రెండు గ్లాసులతో టీ పట్టుకొచ్చారు. టీ తాగుతూ పాఠం మానేసి నా కుట్టుపని గురించి అడిగారు. జాకెట్టుకి కొలత ఎలా తీసుకుంటారు అని. "ఎక్కువమంది ఆది జాకెట్టు తెస్తారండి. సరిపోయిన పాత జాకెట్టు ఒకటి. దాన్ని పరిచి, చూసి కత్తిరిస్తాను," అన్నాను.

"ఆది తేనివాళ్ళకో?"

"పొన్నూరు నుంచి ఒకామె కాగితం మీద కొలతలు రాసి బస్సులో పంపిస్తుందండి. పదేళ్ళయింది. మనిషిని నేను చూసి ఎరగను."

"మరి సరిపోతుందా?"

"ఎందుకు సరిపోదండి? అంకెలు చూస్తే మనిషి ఎదురుగా నిలబడుతుంది," అన్నాను, కొంచెం రోషంగానే.

"మరి నేను వాయించి వినిపించేది ఆది జాకెట్టు మాస్టారూ. ఈ కాగితం పొన్నూరు ఆవిడ. ఇవాళ్టి నుంచి మీకు ఆది లేదు," అన్నారు. ఆ రోజు నుంచి ఆవిడ నా పాఠం ఒక్కటి కూడా ముందు వాయించి వినిపించలేదు. ఎంత బతిమాలినా వినలేదు, నాకు ఆవిడ మీద కోపం కూడా వచ్చింది.

అప్పుడు మొదలైంది అసలు చదువు. కొట్టులో కటింగ్ బల్ల మీద సుద్దతో అయిదు గీతలు గీసుకుని చుక్కలు పెట్టుకుని చదివేవాణ్ణి. ఒకసారి ఆ బల్ల మీదే లైనింగ్ గుడ్డ పరిచి కత్తిరించాను. జాకెట్టు తీసుకెళ్ళినావిడ మర్నాడు తిరిగొచ్చి, "లోపల ఈ చుక్కలేంటి మాస్టారూ, దిష్టికా?" అని అడిగింది. అవునమ్మా అన్నాను. ఇంట్లో హార్మోనియం పెట్టె మళ్ళీ బయటికి తీశాను. కానీ తిత్తి ఊదను. ఊదితే చెవి పెత్తనం చేస్తుంది. కాగితం చూస్తూ ఊరికే మెట్లు నొక్కుతాను. చప్పుడు రాదు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. మీరు అది కూడా ఊదట్లేదు," అంది మా ఆవిడ, వంకాయలు తరుగుతూ. నాకు నవ్వాగలేదు. పక్కింటాయన పెట్టె పాడైందేమో, బాగుచేసేవాళ్ళు నాకు తెలుసు అని రెండుసార్లు వచ్చి చెప్పాడు.

కొన్ని నెలలకి టీచర్ గారు నన్ను పియానో ఎడమవైపు కూర్చోబెట్టి, తను కుడివైపు కూర్చున్నారు. పైది ఆవిడ, కిందిది నేను. నా ఎడం చెయ్యి కాగితం చూసుకుంటూ, పడుతూ లేస్తూ, చివరిదాకా నడిచింది. ముప్ఫై ఏళ్ళు గాలి కొట్టిన చెయ్యి పాట వాయించింది. ఆ రోజు బాపట్ల స్టేషన్లో బండి కోసం నిలబడి ఆ చేతిని పదేపదే చూసుకున్నాను, పెళ్ళికి గోరింటాకు పెట్టుకున్న పిల్లలా.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. మధ్య మెట్లు కూడా సన్నబడుతున్నట్టు అనిపించి డాక్టరు గారి దగ్గరికి వెళితే, కాగితం మీద గీత ఇంకో రెండు మెట్లు దిగి ఉంది. టీచర్ గారు అప్పుడు రేపల్లెలో చెల్లెలి గారింట్లో ఉన్నారు. పాఠం మానొద్దు, ఇక్కడికే రండి అని ఫోన్ చేశారు. వెళ్ళాను. ఆ ఇంట్లో పియానో లేదు. పియానో లేకుండా పాఠమేంటో నాకు అర్థం కాలేదు. డాక్టరు గారి మాట చెప్పాను. ఆవిడ తన చేత్తో రాసిన ఒక కాగితం ఇచ్చారు. పైన పేరు లేదు.

"ఇది మీరు ఎక్కడా విని ఉండరు. నేను వాయించి వినిపించడానికి ఇక్కడ పియానో కూడా లేదు. బండిలో చదువుకుంటూ వెళ్ళండి," అన్నారు.

మధ్యాహ్నం తెనాలి బండి ఖాళీగా ఉంది. బండి చప్పుడు మెషిన్లలో రోద పెడుతుంటే రెండూ తీసి జేబులో వేసుకున్నాను. లోకం దూరంగా జరిగింది. కాగితం ఒళ్ళో పెట్టుకుని మొదటి వరస చదివాను. రెండుసార్లు, మూడుసార్లు. భట్టిప్రోలు దాటాక ఎక్కడో అది చుక్కలుగా ఉండటం మానేసింది. పాట మొదలైంది. ఎవరో మెల్లగా నడుచుకుంటూ వచ్చి, గుమ్మం దగ్గర ఆగి, మళ్ళీ నడిచినట్టుంది. నేను ఊపిరి బిగబట్టి చివరిదాకా వెళ్ళాను. చెవుల్లో ఏమీ లేదు. పాట మొత్తం ఉంది. వెనక్కి వచ్చి మళ్ళీ చదివాను, మళ్ళీ అదే పాట. పోలేదు. ఎప్పుడు గొంతు కలిపానో నాకే తెలియదు.

ఎదురు సీట్లో ఎండుచేపల బుట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్నామె నాతో ఏదో అంటోంది. మెషిన్లు పెట్టుకున్నాను.

"ఏం పాట బాబాయ్ అది? బాగుంది," అంది.

"నాకూ తెలీదమ్మా. నేనింతవరకూ వినలేదు."

"వినకుండా ఎట్టా పాడతన్నావు?"

కాగితం చూపించాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేసింది. "మరి ఆ ఏడుపెందుకు?" అంది. చెంపలు తడుముకుంటే నిజంగానే తడిగా ఉన్నాయి.

"చెవులు పోతన్నాయమ్మా," అన్నాను. ఆ మాట ఇన్నాళ్ళూ టోపీ కింద దాచుకున్నాను. ఈసారి నవ్వుతూ వచ్చింది. నవ్వుతూ ఏడుస్తున్న మనిషిని ఏం చేయాలో తెలియక, ఆమె ఇంకోసారి పాడమంది. పాడాను. వేమూరులో బుట్ట నెత్తికెత్తుకుని దిగుతూ ఆమె ఆ పాటే కూనిరాగం తీసుకుంటూ వెళ్ళింది. అది నేను మెషిన్లతో విన్నాను.

తర్వాతి శుక్రవారం బాపట్లలో, ఉప్పుగాలి తొడుగు తీసి, ఆ కాగితం పియానో మీద పెట్టుకుని వాయించాను. టీచర్ గారు చివరిదాకా విని, "చాలా బాగా చదివారు. కాకపోతే వరస మొదట్లో ఉన్న గుర్తు చూసుకోలేదు. ఆ స్వరం తెల్ల మెట్టు కాదు, పక్కన నల్లది," అన్నారు. సరిచేసి వాయిస్తే పాట ఇంకా బాగుంది. అంటే బండిలో నేను పాడింది తప్పు. వేమూరులో దిగిపోయినామె ఇప్పటికీ దాన్ని తప్పుగానే పాడుకుంటూ ఉంటుంది. ఆమె ఊరూ పేరూ నేను అడగలేదు. రేపల్లె బండి ఎక్కిన ప్రతిసారీ రైలు పెట్టెలన్నీ వెతుకుతున్నాను. కనబడితే సరిచేసి పాడి వినిపించాలి, అప్పటికి నాకు చెవులున్నా, లేకపోయినా.